నూట పదిహేడో రూలు

విదేశాల వాళ్ళు మన పిల్లల్ని దత్తత తీసుకోవడానికి ఉన్న రూళ్ళు సరిగ్గా నూట పదహారు. అన్నీ నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి ఎనభై మూడోది చెప్పమన్నా చెబుతాను. ఢిల్లీలో ఆ రూళ్ళు రాసినవాళ్ళకే అనుమానం వస్తే పుదుచ్చేరికి ఫోను చేసి, టైపిస్టు దినకరన్ ఉన్నాడా అని అడుగుతారు.

ఈ మాట మా అనాథ పిల్లల హోములో పనిచేసే ఐదుగురు ఆయాలకూ చెప్పాను. నలుగురు నవ్వారు. ఐదో ఆమె అమ్మాయమ్మ. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని నాకు నమస్కారం పెట్టింది. నిజానికి ఆ రూళ్ళ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, నేను తొమ్మిదో పేజీ దాటలేదు. అందులో ఎన్ని రూళ్ళున్నాయో ఈ కథ జరిగిన రోజు మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. నూట పదహారన్నది పెళ్ళిళ్ళలో విన్న అంకె. చెవికి బాగుంటుందని వాడుకున్నాను.

ఈ కథ నాది కాదు, అమ్మాయమ్మది. ఇందులో కనిపించకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తాను.

రెండువేల ఏడు ఆగస్టు, బుధవారం, పొద్దున ఆరు ముప్పావు. అమ్మాయమ్మ హోము వంటింట్లో పాలసీసాలు ఉడకబెడుతోంది. అరియాంకుప్పంలో మొదటి బస్సు పట్టుకుని, వంతెన దాటి, ముత్యాల్‌పేట దగ్గర దిగి నడిచి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టడం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని. పద్నాలుగు సీసాలు. పట్టకారుతో ఒక్కొక్కటీ పైకి తీసి, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, గుడ్డ మీద బోర్లిస్తుంది.

మనిషి పొట్టి. యాభై ఎనిమిదేళ్ళు. జుట్టు పల్చబడి ముడి నిమ్మకాయంత మిగిలింది. ముక్కుపుడక ఎప్పుడో పోయింది, కన్నం పూడకుండా అందులో చిన్న వేపపుల్ల పెట్టుకుంటుంది. వేళ్ళ చివరలు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ముడతలుపడి ఉంటాయి. రేషన్ కార్డు ఆఫీసులో మూడుసార్లు ఆమె వేలిముద్ర తీసుకున్నారు, మూడుసార్లూ కాగితం మీద ఖాళీ గుండ్రం మాత్రమే పడింది. ఈ మనిషికి చేతులున్నట్టు ప్రభుత్వం దగ్గర ఈనాటికీ ఆధారం లేదు.

ఆమెకు చదువు రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట తమిళం, రెండింటికీ అక్షరాలు తెలియవు. అంకెలు మాత్రం వచ్చు. బస్సు నంబరు, మంచాల నంబర్లు, థర్మామీటరు మీద గీతలు, పాలపొడి చెంచాలు, ఇవన్నీ అంకెలే కాబట్టి నేర్చుకుంది. పిల్లల్ని కూడా మంచం నంబర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. "ఆ నాలుగో నంబరుది ఇప్పుడు స్వీడన్‌లో ఉండాది, ఏడో నంబరోడు కోయంబత్తూరులో బళ్ళో చేరినాడు" అంటుంది. అరవై ముగ్గురు ఆమె చేతుల మీదుగా వెళ్ళిపోయారు. ఏ ఒక్కరు వెళ్ళినప్పుడూ ఆమె కంట తడి పెట్టలేదు. సీసా కడిగి బోర్లించడం ఎలాగో అదీ అలాగే అనుకునేది.

ఆ పొద్దున మాత్రం పట్టకారు రెండుసార్లు జారింది. మూడోసారి సీసా పగిలింది.

పక్కన గంజి కలుపుతున్న అన్నమ్మాళ్ తిరిగి చూసింది. అన్నమ్మాళ్ రెండో ఆయా, అమ్మాయమ్మ కంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద, మాట తమిళం.

"ఏందక్కా, ఇరవై ఏండ్లలో నీ చేతిలో సీసా పగలంగా నేను సూడలే. ఆ దొరసాని వస్తాదని వణుకుతుండావా, ఆ కమిటీ సారు వస్తాడనా?"

"నీ గంజి అడుగంటతాండాది సూసుకో" అంది అమ్మాయమ్మ.

అన్నమ్మాళ్ నవ్వింది. "సరి సరి. నీ మనవరాలు ఇప్పుడు నా మనవరాలైపోయిందని నీకు కడుపుమంట."

అమ్మాయమ్మ గాజు ముక్కలు ఏరి కాగితంలో చుట్టింది. ఆ భయం ఆ రోజుది కాదు. అప్పటికి నలభై రోజులనాటిది.

మనవరాలంటే ఆర్తి. తొమ్మిదో నంబరు మంచం. మూడేళ్ళు నిండి మూడు నెలలు. పదకొండు రోజుల పసిగుడ్డుగా తువ్వాలులో చుట్టి తల్లే తీసుకొచ్చి, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చి వెళ్ళింది. ఇచ్చిన తల్లి మనసు మార్చుకోవడానికి అరవై రోజులు గడువుంటుంది. ఆ అరవై రోజులూ గేటు చప్పుడైతే చాలు, అమ్మాయమ్మ చేతిలో పని ఆపి చూసేది. రావాలని ఉండేది, రాకూడదనీ ఉండేది. ఎవరూ రాలేదు. పిల్లల సంక్షేమ కమిటీవాళ్ళు, ఈ బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చు అని కాగితం ఇచ్చారు.

ఆర్తికి ఎడమ చెవి దగ్గర్నుంచి మెడ మీదికి పుట్టుమచ్చ ఉంది. నేరేడుపండు చిదిపి రుద్దినట్టుంటుంది. ముందు మన దేశంలోవాళ్ళకు చూపించాలి, వాళ్ళు వద్దంటేనే బయటి దేశానికి. అది రూలు, తొమ్మిదో పేజీకి ముందే ఉంది, అందుకని నాకు తెలుసు. మూడు జంటలు వచ్చాయి. మొదటివాళ్ళు నాలుగు నిమిషాలు చూశారు. రెండోవాళ్ళు అది రుద్దితే పోతుందా అని అడిగారు. మూడోవాళ్ళు ఆలోచించి చెబుతామన్నారు, ఇప్పటికీ ఆలోచిస్తున్నట్టున్నారు. ఇలా రెండేళ్ళు గడిచాయి. మిగతా పిల్లలు ఏడాది తిరిగేసరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఇది ఉండిపోయింది.

ఉండిపోయిన బిడ్డకు అమ్మాయమ్మ మాట వచ్చింది. హోము అంతా తమిళం మాట్లాడుతుంటే ఆర్తి ఒక్కతే "యాడికి పోతావ్" అని అడిగేది. "అవ్వా, కొంగు" అంటూ వచ్చి, అమ్మాయమ్మ చీర కొంగు మూల నోట్లో పెట్టుకుని పళ్ళతో నములుతూ నిద్రపోయేది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అమ్మాయమ్మ మామూలు బస్సు వదిలేసి ఆఖరి బస్సుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆమె భర్త ఇరుసప్పన్ మిల్లులో పనిచేసి చనిపోయాడు. పిల్లల్లేరు. తమ్ముడు వీరాసామి ఇంట్లో వెనక గదిలో ఉంటుంది. ఆ గదిలో ఆమె కోసం ఎదురుచూసేది ఒక కుండ, ఒక చాప.

ఫ్రాన్సు నుంచి ఒక జంట ఫైలు వచ్చిన రోజు నుంచి అమ్మాయమ్మ రోజూ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నా గది గడప మీద వచ్చి కూర్చునేది.

"దినకరా, ఇంగొక రూలు చదువు."

హోములో ఆమె మాట మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఇంట్లోనూ అదే తెలుగు. అందుకని ప్రపంచంలోని రూళ్ళన్నీ నా నోటి గుండానే ఆమె దగ్గరికి వెళ్ళాలి. ఆ జంట పేర్లు లూక్, సబీన్. వాళ్ళ ఇంటికి వాళ్ళ ఊరి అధికారి వెళ్ళి ఎన్ని గదులు, ఎన్ని కిటికీలు, జీతమెంత, రక్తపోటెంత, పోలీసు కేసులున్నాయా అని అన్నీ రాశాడు. వాళ్ళ కుక్క మీద కూడా ఒక పేరా ఉంది. శాంత స్వభావి, పిల్లలంటే ఇష్టం, కరిచిన దాఖలాలు లేవు. మనుషులకే అంత మంచి సర్టిఫికెట్ నేను టైపు చేయలేదు. బిడ్డ వెళ్ళాక రెండేళ్ళపాటు ఎంత బరువు పెరిగింది, ఏం తింటోంది అని ఫోటోలతో సహా రాసి పంపాలి. ఇవన్నీ నిజం. నేను చదువుతుంటే అమ్మాయమ్మ తల ఊపుతూ వినేది. కుక్క సంగతి రెండుసార్లు చదివించుకుంది.

ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, ఫ్యాను తిరగడం లేదు, నాకు అన్నం తిన్న మత్తు. ఆమె గడప మీద కూర్చుని, "ఇంగొకటి చదువు నాయనా" అంది.

నేను పుస్తకం తెరిచి, ముఖం ఏ మాత్రం కదలకుండా చదివాను.

"నూట పదిహేడు. ఇది కొత్తగా చేర్చినారు అత్తా. అప్పగించే దినం కమిటీ సారు ముందర బిడ్డ ఆయాని పట్టుకోని ఏడిస్తే ఉత్తర్వులన్నీ రద్దు. బిడ్డని ఏరే ఊరి హోముకి మార్చేస్తారు. ఫైలు మళ్ళా మొదట్నించి."

"ఏడిస్తేనా?"

"ఏడిస్తే. కొంగు పట్టుకున్నా అంతే."

"ఎంతసేపు ఏడిస్తే?"

"పదకొండు సెకండ్లు" అన్నాను.

పదకొండు అని ఎందుకన్నానో నాకే తెలియదు. అక్కడైనా నవ్వుతుందనుకున్నాను. కుక్కకు సర్టిఫికెట్ అడిగిన పుస్తకం పదకొండు సెకండ్లు అడిగితే వింతేముంది. ఆమె వేళ్ళ మీద పదకొండు దాకా లెక్కపెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నేను నా జోకుకు నేనే నవ్వుకుని కునుకు తీశాను.

ఆ మర్నాటి నుంచి అమ్మాయమ్మ పని మొదలుపెట్టింది. పాలు మాన్పించాలంటే తల్లులు రొమ్ముకు వేపాకు నూరి రాసుకుంటారు. ఆమె ఇంటి దగ్గర వేపనూనెలో కొంగు ముంచి, పిండి, ఆరేసి, కట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం ఆర్తి "అవ్వా, కొంగు" అంటూ వచ్చి మూల నోట్లో పెట్టుకుంది. ఉమ్మేసింది. ముఖం ఎత్తి చూసింది. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ ఉమ్మేసింది. అమ్మాయమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

నాలుగు రోజులు బిడ్డ నిద్రపోలేదు. ఐదో రోజు కొంగు అడగడం మానేసింది.

తర్వాత గంజి పెట్టే పని అన్నమ్మాళ్‌కు ఇచ్చేసింది. స్నానం పనీ ఇచ్చేసింది. "అవ్వా" అని పిలిస్తే పలికేది కాదు. ఆర్తి గొంతు వినిపిస్తే ఆరేసిన బట్టల వెనక్కి వెళ్ళి, బట్టలు ఎండాయో లేదో అని తడిమి తడిమి చూస్తూ నిలబడేది. ఒకరోజు కుళాయి దగ్గర పాచికి కాలు జారి ఆర్తి పడింది. మోకాలు గీసుకుని రక్తం వచ్చింది. అమ్మాయమ్మ మూడడుగుల దూరంలో ఉంది. కిటికీలోంచి నేను చూశాను. ఆమె ముందుకు వంగింది, రెండు చేతులూ సగం దాకా చాచింది, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వాటిని వెనక్కి లాక్కుని చీర మడతల్లో దాచుకుంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. అన్నమ్మాళ్ వచ్చి ఎత్తుకునే లోపల బిడ్డ ముప్పై సెకండ్లు ఏడ్చింది. ఆ వారం చివర ఇంకోసారి పడింది. అప్పుడు ఏడవలేదు. తనే లేచి దులుపుకుంది.

చెప్పేద్దామని నాకు మూడో రోజునే అనిపించింది. రేపు చెబుదామనుకున్నాను. పదో రోజుకు నాకు భయం మొదలైంది. ఆ విషయం హోము సెక్రటరీ హేమమాలిని మేడమ్‌కు తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. ఇరవయ్యో రోజుకు, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి అన్నది ఇంకో భయం. ముప్పయ్యో రోజుకు నేను మధ్యాహ్నం పూట గది తలుపు మూసుకోవడం నేర్చుకున్నాను.

సరే, బుధవారం. తొమ్మిదింటికి అన్నమ్మాళ్ ఆర్తికి కొత్త గౌను తొడిగి, రెండు జడలు వేసి, పుట్టుమచ్చ కనబడకుండా చెవి మీదికి జుట్టు దువ్వింది. అమ్మాయమ్మ దూరం నుంచి చూసి, ఎవరితోనో అన్నట్టు, "ఆ మచ్చ వాళ్ళు చూసిందే. మూయను అక్కర్లే" అంది. అన్నమ్మాళ్ జుట్టు వెనక్కి తీసి కట్టింది.

ఆర్తి స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. అమ్మాయమ్మ పక్కనుంచి బకెట్టు మోసుకుంటూ వెళ్ళింది. బిడ్డ తల తిప్పలేదు. గోడ పక్కనుంచి వెళ్ళినట్టు అమ్మాయమ్మ వెళ్ళిపోయింది.

పది గంటలకు ఆమె నా గది తలుపు తట్టింది. చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట. అందులోంచి కాగితం పొట్లం తీసింది.

"దినకరా, ఒగటి అడుగుతా, కోపగించుకోవద్దు. ఈ గుడ్డముక్క బిడ్డ పెట్టెలో అడుగున పెట్టను రూలు ఒప్పుతాదా?"

విప్పింది. పాత చీర కొంగు మూల, జానెడు. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు.

"ఇది నూనె పూయక ముందరిది. ఉతకలే. పొరపాట్న కూడా ఎవురికీ తెలీకుండా పెడతా. వాళ్ళ దేశం పోయినాక తీస్తే కేసు ఏమన్నా అవుతాదా?"

నేను ఆమె ముఖం చూడలేదు. టైపు మిషను రిబ్బను చూశాను. చెప్పేయడానికి ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు. మేడమ్ గది తలుపు తెరిచి ఉందనీ తెలుసు.

"రూలు చూడాల్ల అత్తా" అన్నాను.

"సరి నాయనా" అని పొట్లం మళ్ళీ కట్టి బుట్టలో పెట్టుకుంది. "వద్దంటే వద్దులే. ఇంత దూరం వచ్చి గుడ్డముక్క కోసరం చెడగొట్టుకుంటామా."

పదకొండింటికి టాక్సీ వచ్చింది. లూక్ పొడుగ్గా, ఎండకు ఎర్రగా కందిపోయి, తలుపు దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. సబీన్ నలభై దాటిన మనిషి, చూడీదారు వేసుకుంది, చున్నీ మాటిమాటికీ జారుతోంది. పాస్‌పోర్టు, వీసా, కోర్టు ఉత్తర్వు, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి సబీన్ గుండెలకు ఆనించుకుంది. ఎవరో లాక్కుంటారని ఆమెకూ భయం ఉన్నట్టుంది. ఆ గదిలో ఆ రోజు భయం లేనిది ఒక్క ఆర్తికే.

కమిటీ తరఫున ముకుందన్ సారు వచ్చాడు. అమ్మాయమ్మ నలభై రోజులుగా కలలో చూస్తున్న మనిషి ఈయనే. ఆయన కుర్చీలో కూర్చుని, కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పి, జేబులోంచి పెన్ను తీశాడు. పెన్ను కక్కి వేళ్ళకు సిరా అంటింది. దాన్ని తుడుచుకోవడానికి గుడ్డ ఉందేమోనని ఆయన గది నాలుగు మూలలూ చూశాడు. అమ్మాయమ్మ తలుపు వెనక నిలబడి, ఆ చూపు తన మీద పడగానే గోడకు అంటుకుపోయింది.

సంతకాలయ్యాయి. మేడమ్ ఆర్తి చెయ్యి తీసి సబీన్ చేతిలో పెట్టింది. ఆర్తి ఆ తెల్లటి చేతి మీద నీలం నరాలను వేలితో ఒకసారి తాకి చూసి, అలాగే నిలబడింది. సబీన్ ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముక్కు తుడుచుకుంటూ. తర్వాత ఇంగ్లీషులో మేడమ్‌తో ఏదో అంది. మేడమ్ తమిళంలో నా వైపు తిరిగింది.

"దినకరన్, వాళ్ళ అధికారి రాసిన ఉత్తరంలో ఉంది కదా, ఆయా వాసన ఉన్న గుడ్డ ఒకటి బిడ్డతో పంపమని. నీకిచ్చాను, ఆయాకి చదివి చెప్పమని. చెప్పావా?"

ఉత్తరం ఇచ్చిన మాట నిజం. రెండు నెలల కిందట.

"చెప్పాను మేడమ్" అన్నాను.

"ఏమ్మా, చెప్పాడా?"

తలుపు వెనక నుంచి అమ్మాయమ్మ నన్ను చూసింది. ముకుందన్ సారు పెన్నును చూసింది. దినకరన్ అబద్ధం చెప్పడని ఆమె నమ్మకం. చెప్పాను అంటున్నాడంటే నూట పదిహేడో రూలు సంగతే అయుంటుంది. ఇప్పుడు వీళ్ళంతా కలిసి గుడ్డ ఉందా అని అడుగుతున్నారంటే, బిడ్డకు తన మీద మమకారం ఉందో లేదో తేల్చడానికే. ఉందని ఒప్పుకుంటే రాసుకుంటారు.

"చెప్పినాడు మేడమ్" అంది తమిళంలో. "గుడ్డ అట్లాంటిది ఏమీ లేదు. ఆ బిడ్డకు నా దగ్గర అలవాటు లేదు. కావాలంటే చూడండి."

ముందుకొచ్చి, ఆర్తికి రెండడుగుల దూరంలో నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. ఆర్తి ఆమెను చూసింది. వేపనూనె వాసనకు ముక్కు చిట్లించి, సబీన్ వైపు ఒక అడుగు జరిగింది.

"చూసినారా" అంది అమ్మాయమ్మ. గొంతులో గెలిచిన మనిషి ధైర్యం.

సబీన్ ముఖం చిన్నబోయింది. అన్నమ్మాళ్ లోపలికెళ్ళి హోము తువ్వాలు ఒకటి తెచ్చి ఇచ్చింది. మూలన నల్ల దారంతో తొమ్మిది అని కుట్టి ఉంది. ఉతికి, సబ్బు వాసన వేస్తున్న తువ్వాలు. ముకుందన్ సారు రిజిస్టరులో ఒక్క వాక్యం రాశాడు. బిడ్డను క్షేమంగా అప్పగించడమైనది.

టాక్సీ దగ్గర అంతా గుమిగూడారు. లూక్ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆర్తి ఎక్కబోతూ ఆగింది. కింది పెదవి ముందుకొచ్చి ఒకసారి అదిరింది. అమ్మాయమ్మ అది చూసి, ఎవరికీ తెలియకుండా రెండడుగులు వెనక్కి వేసి, ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్ళిపోయింది. ఒకటి. రెండు. మూడు. దుప్పటి అంచు కింద ఆమె పగుళ్ళ మడమలు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. ఆర్తి చుట్టూ చూసింది. కుళాయి వైపు చూసింది. ఏడు. ఎనిమిది. పెదవి వెనక్కి వెళ్ళిపోయింది. తనే సీటు మీదికి పాకి కూర్చుంది. చేతిలో తువ్వాలు మూల ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్కన పడేసింది.

టాక్సీ పిళ్ళైచావడి మీదుగా మద్రాసు రోడ్డు పట్టడానికి వెళ్ళిపోయింది. ఎవరూ ఏడవలేదు. మేడమ్, "ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ జరగలేదు" అంది.

ఆ తర్వాత పనులు మామూలే. అమ్మాయమ్మ తొమ్మిదో మంచం పరుపు ఎండలో వేసింది. పిల్లలకు అన్నం పెట్టింది. రెండింటికి, అందరూ పడుకున్నాక, చాలా రోజుల తర్వాత నా గది గడప మీదికొచ్చి కూర్చుంది. నేను తలుపు మూయడం మరిచిపోయాను.

"ఇంగ రద్దు కాదు గదా?"

"కాదత్తా."

"పదకొండు కూడా అవలే. ఎనిమిదికే ఆపుకునేసింది. తెలివైంది." కాసేపు వేళ్ళు విరుచుకుంది. "దినకరా, ఆ రూలు నాకొకసారి చూపీ. నలభై దినాలు నన్ను చంపింది గదా, అది ఎట్లుంటాదో కండ్లారా చూస్తా."

"ఇంగ్లీషులో ఉంటాది అత్తా, నీకు తెలీదు."

"చదవద్దులే. అంకె చూపీ చాలు. అంకెలు నాకొస్తాయి గదా."

ఆమె లేచి, నానిన వేళ్ళతో నా బల్ల మీది పుస్తకం తనే తీసుకుంది. ఎవరి పనికీ అడ్డం రాని మనిషి అలా తీసుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. అంచున ఉన్న అంకెల మీద వేలు పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ. ఆఖరి అంకె దగ్గర వేలు ఆగింది. రెండంకెలదే. దాని తర్వాత తెల్ల కాగితం. తెల్ల కాగితాన్ని కూడా తిప్పి చూసింది. అట్ట వెనక చూసింది. మళ్ళీ ముందు నుంచి మొదలుపెట్టింది. తొమ్మిదో పేజీ దగ్గర, నేను ఎంతవరకు చదివానో గుర్తు కోసం పెట్టుకున్న మడత కాగితం జారి కింద పడింది. ఫ్రాన్సు స్టాంపు ఉన్న కవరుతో సహా.

"నూరే లేదు గదా దినకరా" అంది. "నూట పదిహేడు యాడ?"

జోకులు వేసేవాడి ముఖానికి ఒక అలవాటుంటుంది, ఎంత పెద్ద మాటకైనా కదలదు. ఆ రోజు అది కదిలింది.

"లేదత్తా" అన్నాను. "నేనే పుట్టించినా. ఊరికే. ఆ పొద్దు నిద్దరొస్తా ఉండింది."

ఆమె కింద పడిన కాగితం తీసి నా ముందు పెట్టింది. నేను అడక్కుండానే చదివాను, మన మాటలో. బిడ్డను ఆఖరి రోజు దాకా అలవాటైన ఆయా దగ్గరే ఉంచండి. ఆమే తినిపించాలి, ఆమే నిద్రపుచ్చాలి. వెళ్ళేముందు ఆమె ఎత్తుకుని వీడ్కోలు చెప్పాలి. బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వండి, అది మంచిది. ఆమె వాసన ఉన్న గుడ్డ ఒకటి, ఉతకకుండా, పంపండి. అదీ చదివాక, మేడమ్ ముందు చెప్పాను అన్నది కూడా అబద్ధమేనని చెప్పాను. పొద్దున గుడ్డ చూపించినప్పుడు తెలిసే మాట దాటేశానని చెప్పాను. ఉద్యోగం పోతుందని భయమేసిందని చెప్పాను. నూట పదహారు కూడా అబద్ధమేనన్నాను. ఇంకేమైనా మిగిలిందా అని వెతుక్కుంటూ చెబుతూనే ఉన్నాను, ఆపితే ఆమె మాట్లాడుతుందని.

ఆమె తిట్టలేదు. కిటికీలోంచి కుళాయి వైపు చూసింది.

"అయితే ఆ పొద్దు పడినప్పుడు ఎత్తుకోనుండొచ్చు" అంది.

అంతే. మేడమ్‌తో చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. అందుకే ఇది నేను రాయవలసి వచ్చింది. ఆమె లేచి, బుట్టలోంచి ఏదో తీసి, నా బల్ల మీద పెట్టి, మూడు గంటల పాలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లో సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు మొదలైంది.

తల ఎత్తి చూసేసరికి పుస్తకం ఆఖరి పేజీ దగ్గర తెరిచి ఉంది. పేజీ ఎగరకుండా దాని మీద జానెడు గుడ్డ, ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు, ఒక మూల మాత్రం చిన్న పళ్ళు నమిలి నమిలి దారాలు లేచిపోయి, గట్టిగా ఎండి ఉంది.